తీపి నీళ్ళే మంచి నీళ్ళా?

మా ప్రాంతంలో ప్రకృతి విపత్తు అంటే కరువే. ఎప్పుడో ఒక ఏడు చిత్రావతి పొంగుతుంది, చెరువు కట్టలు తెగుతాయి. కానీ ఎర్రమంచి, పెనుకొండ, ధర్మవరం వైపు ముసలివాళ్ళు కాలాన్ని లెక్కపెట్టేది కరువులతోనే. నీళ్ళ గురించి మనకున్న నమ్మకాలు కూడా ఎక్కువగా ఆ కరువుల్లోనే గట్టిపడ్డాయి.

1876–78 నాటి ధాత కరువుకు పెనుకొండ ఇంకా బళ్ళారి జిల్లాలోనే ఉంది. గంజి కోసం, కూలి కోసం జనం శిబిరాల్లో గుమిగూడారు. ఉన్న కాసిని నీళ్ళే అందరూ తాగారు. కలరా వచ్చింది. ఆకలి చంపినవాళ్ళనూ, నీళ్ళు చంపినవాళ్ళనూ విడదీసి చెప్పడం కష్టం. రోగాన్ని అమ్మవారి కోపమన్నారు గానీ బావిని అనుమానించలేదు. అందుకు వాళ్ళను తప్పుపట్టలేం. కలరా క్రిమిని కాఖ్ వేరుచేసి చూపింది 1884లో.

ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ మోసిన సుగాలీలకు దారి పొడవునా నీటి జాడలు తెలుసు. ఏటి ఇసుకలో చెలమ తీసి, నీరు తేరుకున్నాక ముంచుకునేవాళ్ళు. ఇసుక వడకట్టిన నీళ్ళు కదా, అది తెలివైన పద్ధతే. రైళ్ళు వచ్చి ఆ వ్యాపారం పోయింది. గుట్టల పక్కన తండాలు వెలిశాయి. ఊరి బావి ఊరివాళ్ళది. తండాకు మిగిలింది కుంట, వాగు, దిగుడుబావి.

దిగుడుబావి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కరువులో నీరు అడుగంటితే మెట్లు దిగి, కాళ్ళు తడుపుకుని ముంచుకోవాలి. నారికురుపు వ్యాపించింది ఇలాగే. కురుపు ఉన్న కాలు నీళ్ళలో పడితే పురుగు పిల్లలను వదులుతుంది. కంటికి ఆనని నీటిపురుగులు వాటిని మింగుతాయి, ఆ నీళ్ళు మనం తాగుతాం. ఏడాది గడిచాక కాలిలోంచి మూరెడు తీగ బయటికొస్తే, అది నిరుడు తాగిన నీళ్ళ వల్ల అని ఎవరు నమ్ముతారు? 1980లలో నిర్మూలన కార్యక్రమం వచ్చి మెట్ల బావులను చేదబావులుగా మార్చమంది, నీళ్ళు గుడ్డతో వడకట్టమంది. తాతలు తవ్విన బావి మెట్లు మూయడానికి మనసొప్పడం సులభం కాదు. అయినా 2000 నాటికి ఆ జబ్బు దేశంలోనే లేకుండా పోయింది. గుడ్డ ముక్క చేసిన పని అది!

1952 కరువులో సైన్యం వచ్చి రాయలసీమలో బావులు లోతు చేసింది. తరవాత బోర్లు వచ్చాయి. వాన లేని కొద్దీ ఇంకా లోతుకు వెళ్ళాం. రాతి పొరల్లోంచి ఫ్లోరైడ్ వచ్చింది. మన దేశంలో ఈ జబ్బును 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. దీనికి రుచి లేదు, వాసన లేదు, కాచినా పోదు. తీపిగా ఉంటే మంచి నీళ్ళే అన్న మన కొలత ఇక్కడ ఓడిపోయింది. పిల్లల పళ్ళకు గార పడితే పళ్ళు తోమలేదని తిట్టాం.

1995లో మొదలైన సత్యసాయి మంచినీటి పథకం అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు కుళాయి నీరు తెచ్చింది. ఇప్పుడు ఎర్రమంచి దగ్గర కార్ల కర్మాగారం ఉంది. దానికి నీళ్ళు గొల్లపల్లి జలాశయం నుంచి వస్తాయి. కుళాయి నీళ్ళకు మందు వాసన అని బోరు నీళ్ళకే మళ్ళే ఇళ్ళు మాత్రం ఇంకా ఉన్నాయి. ఒకే తండాలో రెండు బోర్ల నీళ్ళు ఒకలా ఉండవు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. ఆ సంగతి నాలుక చెప్పదు. సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపాల్సిందే.