రూపకర్త, నిర్ణయకర్త: ఆదిలాబాద్, కరీంనగర్ ప్రాంతాల వృత్తి చరిత్రలో ఒక పనివిభజన

వ్యాససంగ్రహం: ఒక వస్తువు ఎవరికోసం, ఎప్పుడు, ఎంత ధరకు తయారు కావాలో నిర్ణయించే వ్యక్తి, ఆ వస్తువుకు రూపమిచ్చే వ్యక్తి వేరువేరుగా ఉండటం సాఫ్ట్‌వేర్ పరిశ్రమతో మొదలైన పరిణామంగా సాధారణంగా భావిస్తారు. ఉత్తర తెలంగాణలోని ఓజాల పోతపని, నిర్మల్ బొమ్మలు, కరీంనగర్ వెండి తీగపని, సిరిసిల్ల మరమగ్గాల చరిత్ర ఆధారంగా ఈ భావనను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ ఇద్దరి సంబంధాన్ని హోదాల కంటే ముడిసరుకు ఎవరి చేతిలో ఉంది, వాడుకరిని ఎవరు కలుస్తున్నారు అన్న రెండు విషయాలే ఎక్కువగా నిర్ణయించాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నిర్మల్, ఓజాలు, వెండి తీగపని, సిరిసిల్ల, బతుకమ్మ చీరలు, రూపకల్పన, పనివిభజన.

1. ప్రవేశిక

2020 జూలైలో కరీంనగర్‌లో ఐటీ టవర్ ప్రారంభమైంది. ఇటువంటి కార్యాలయాల్లోని సంస్థల పనితీరులో రెండు ఉద్యోగాలు తరచు ఎదురెదురుగా నిలుస్తాయి. ఒకటి ప్రొడక్ట్ మేనేజర్‌ది. ఏ సమస్యను పరిష్కరించాలి, ఎవరికోసం, ఎప్పటిలోగా అన్నవి అతని పరిధిలోనివి. రెండవది డిజైనర్‌ది. వాడేవారి చేతిలో ఆ వస్తువు ఎలా ఉండాలి, ఎలా పనిచేయాలి అన్నది అతని పరిధి. ఈ వ్యాసంలో మొదటివారిని నిర్ణయకర్త అని, రెండవవారిని రూపకర్త అని వ్యవహరించడం జరిగింది. వీరిలో నాయకత్వం ఎవరిదన్న వివాదం ఆ పరిశ్రమలో నేటికీ తేలలేదు.

మొదటి ఉద్యోగానికి మూలం 1931లో అమెరికాలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థలో నీల్ మెక్‌ఎల్రాయ్ రాసిన ఒక అంతర్గత పత్రంలో ఉందని నిర్వహణశాస్త్ర చరిత్రకారులు చెబుతారు. ఒక్కో సబ్బు రకానికి ఒక్కో బాధ్యుడు ఉండాలన్నది అందులోని సారాంశం. యాదృచ్ఛికమే కావచ్చు గానీ, నిర్మల్ బొమ్మల చరిత్రలో నిర్ణయం, రూపకల్పన విడిపోవడం కూడా దాదాపు ఆ దశకంలోనే కనిపిస్తుంది.

2. విడిపోని దశ: ఓజాల పోతపని

ఆదిలాబాద్ అడవి గ్రామాలైన ఉషేగావ్, కేస్లాగూడ వంటి చోట్ల నివసించే ఓజాలు మైనపు పోత పద్ధతిలో ఇత్తడి వస్తువులు చేస్తారు. మట్టి ముద్ద మీద మైనపు దారాలు చుట్టి రూపం తెస్తారు. దాని మీద మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన ఖాళీలో కరిగించిన ఇత్తడి పోస్తారు. వస్తువును బయటికి తీయాలంటే అచ్చు పగలగొట్టక తప్పదు. కనుక ఒక అచ్చుకు ఒక్కటే వస్తువు. రెండవదానికి మళ్ళీ మొదటినుండి మైనం చుట్టాల్సిందే.

ఈ వృత్తికి ప్రధాన పోషకులు గోండులు. దేవతల వస్తువులు, గంటలు, దీపాలు వారి ఆచారాలకు అవసరమైనవి. ఏది కావాలో ఆచారం ముందే నిర్ణయించి ఉంటుంది. అడిగేవారు, చేసేవారు ముఖాముఖి మాట్లాడుకుంటారు. ఇక్కడ నిర్ణయకర్త అన్న పాత్రకు చోటు లేదు. దీన్ని స్వర్ణయుగంగా చిత్రించనవసరం లేదు. పోషకుడు పేదవాడైతే వృత్తికారుడూ పేదవాడే అయ్యాడు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు లభించిన తరువాత కూడా మేళాల్లో, ఎంపోరియంలలో కొనేవారు ఆచారం తెలియని నగరవాసులే. అంటే ఏమి చేయాలో చెప్పే మధ్యవర్తి అవసరం ఇప్పుడు ఈ వృత్తికీ వచ్చింది.

3. నిర్మల్: కొనేవారు మారినప్పుడు

నిర్మల్ పట్టణం పేరు నిమ్మ నాయుడి పేరుమీదుగా వచ్చిందని స్థానికంగా చెబుతారు. నకాషీ వృత్తికారుల కుటుంబాలకు ఆశ్రయమిచ్చింది కూడా ఆయనే అన్నది జనశ్రుతి. వారి ప్రధాన ముడిసరుకు పొనికి కర్ర. తేలికగా, మెత్తగా ఉంటుంది. ఉలికి సులభంగా లొంగుతుంది. భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఆ ముద్దతోనే సందులు పూడ్చి నునుపు చేసి, సుద్దపూత వేసి, ఆపైన రంగులద్దుతారు. పండ్లు, కూరగాయలు, పక్షులు, జంతువుల బొమ్మలు ఈ పనికి పేరు తెచ్చాయి. నల్లని నేపథ్యం మీద బంగారు వన్నెతో వేసే చిత్రాలది మరొక శాఖ.

1930వ దశకంలో హైదరాబాద్ సంస్థాన ప్రధాని సర్ అక్బర్ హైదరీ సతీమణి లేడీ హైదరీ ఈ కళాకారులను హైదరాబాద్‌కు రప్పించి పని కల్పించారు. ఖైరతాబాద్‌లోని నిర్మల్ ఇండస్ట్రీస్ ఆ ప్రయత్నంతో ముడిపడిన సంస్థ. అజంతా కుడ్యచిత్రాల మూర్తులు, మొగలు సూక్ష్మచిత్రాల దృశ్యాలు నిర్మల్ పలకల మీదికి వచ్చింది ఈ దశలోనే. ఊరి సంతలో అమ్ముడయ్యే బొమ్మ స్థానంలో నగర గృహాల గోడకు తగిలించే చిత్రం, అతిథుల ముందుంచే తట్ట, గదిని విభజించే తెర వచ్చాయి.

లేడీ హైదరీ కుంచె పట్టలేదు. కొనేవారిని మార్చారు, వస్తువును మార్చారు, పనిచేసే చోటును మార్చారు. నేటి పరిభాషలో అది నిర్ణయకర్త పని. ఆ నిర్ణయం లేకపోతే నిర్మల్ చిత్రకళ ఇరవయ్యో శతాబ్దం రెండవ సగం చూసి ఉండేదా అన్నది సందేహమే. ఆ నిర్ణయానికి మూల్యం కూడా ఉంది. అజంతా మూర్తి నకాషీ కుటుంబాల జ్ఞాపకంలోంచి వచ్చినది కాదు. ఎదుట ఉంచిన నమూనా నుండి వచ్చింది. నమూనాను ఎంచినవారు ఒకరు, దాన్ని పలక మీద పండించినవారు మరొకరు. బజారులో ఆ చిత్రం ఊరి పేరుతో ప్రసిద్ధమైంది గానీ గీసిన చేతి పేరుతో కాదు.

1955లో నిర్మల్‌లోనే కొయ్యబొమ్మల సహకార సంఘం ఏర్పడటాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. ఏమి చేయాలన్న నిర్ణయం కొంతవరకైనా చేసేవారి ఊరికి తిరిగి వచ్చింది. అయితే పొనికి కర్ర అడవిది. కర్ర దొరకని ఏడాది సంఘం తీర్మానాలకు విలువ తక్కువ. తరువాతి కాలంలో బొమ్మలకు, చిత్రాలకు భౌగోళిక గుర్తింపు వచ్చినా అది స్థలానికి, పద్ధతికి రక్షణ మాత్రమే. కొత్త ఆకృతిని కల్పించిన వ్యక్తికి ఆ చట్టంలో చోటు లేదు.

1958లో ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక చెంబును ఉత్తమ రూపకల్పనకు ఉదాహరణగా చూపింది. తరతరాల వాడుక దాన్ని తీర్చిదిద్దిందే తప్ప ఏ ఒక్కరూ దానికి రూపకర్త కారు. ఆ నివేదిక ఫలితంగా 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. తరతరాల వాడుక చేసే పనిని ఇకపై శిక్షణ పొందిన రూపకర్త చేయాలన్న ఆలోచన దాని వెనుక ఉంది. ఆ రూపకర్త వృత్తిగ్రామానికి వచ్చినప్పుడు, అక్కడ ఉన్నవారిని రూపకర్తలుగా గుర్తించాడా, పనివారుగానే చూశాడా అన్న ప్రశ్న మిగిలింది.

4. కరీంనగర్: వెండి ఎవరి చేతిలో

ఎలగందులలో మొదలై, జిల్లా కేంద్రం మారాక కరీంనగర్‌లో స్థిరపడిన వెండి తీగపనిలో సమాధానం వేరుగా ఉంటుంది. వెండిని కమ్మచ్చు రంధ్రాలగుండా లాగి సన్నని తీగ తీస్తారు. రెండు తీగలను మెలిపెట్టి, నొక్కి, చుట్లుగా చుట్టి, మందపాటి తీగతో కట్టిన చట్రంలో నింపి, వెలిగారంతో అతుకుతారు. అత్తరుదానులు, పాన్‌దానులు, పన్నీరు బుడ్లు, నెమళ్ళు ఇలా తయారవుతాయి. చట్రంలో ఎక్కడ ఖాళీ వదలాలో తీగ వంగే తీరే చెబుతుంది. తీగ పట్టని వ్యక్తి కాగితం మీద గీసిన రూపం అతుకు దగ్గర ఓడిపోతుంది. అందువల్ల రూపకల్పన ఇక్కడ చేతిని విడిచి వెళ్ళలేదు. నిర్ణయం మాత్రం వెండిధరతో కదులుతుంది. వెండి నిల్వ పెట్టుకోలేని కళాకారుడు, ఎవరు వెండి ఇస్తే వారు అడిగిన వస్తువు చేస్తాడు. 2007లో లభించిన భౌగోళిక గుర్తింపు ఈ లెక్కను మార్చగలిగేది కాదు.

5. సిరిసిల్ల: కోటి చీరల నిర్ణయం

పాత కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్లలో ఈ పనివిభజన పారిశ్రామిక స్థాయికి చేరింది. చేనేతనుండి మరమగ్గానికి మారిన ఈ పట్టణం ప్రధానంగా పాలిస్టర్ గుడ్డ, లంగాగుడ్డ నేసింది. యజమాని నూలు ఇస్తాడు. కొద్ది మగ్గాలున్న ఆసామి ఆ నూలును కూలికి నేయిస్తాడు. కార్మికుడు మగ్గం నడుపుతాడు. సాదా గుడ్డకు రూపకర్త అవసరం లేదు. అడిగేది ధర, పొడవు మాత్రమే. ఆ ధర పడిపోయిన సంవత్సరాల్లో జరిగిన ఆత్మహత్యలు సిరిసిల్లకు ‘ఉరిసిల్ల’ అన్న పేరు తెచ్చాయి.

2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ పండుగకు పేద మహిళలకు చీరలు పంచాలని నిర్ణయించింది. కావలసినవి దాదాపు కోటి. పథకంలో ఇద్దరు వాడుకరులు ఉన్నారు: చీర కట్టే స్త్రీ, చీర నేసి కూలి పొందే కార్మికుడు. మొదటి ఏడాది గడువు చాలక గణనీయమైన భాగాన్ని సూరత్‌నుండి కొన్నారు. పంపిణీ రోజుల్లో పలుచోట్ల మహిళలు నాణ్యత లేదని నిరసన తెలిపారు, కొన్నిచోట్ల చీరలు తగులబెట్టారు. దీన్ని రాజకీయ వివాదంగా మాత్రమే చదవడం చరిత్రకు చాలదు. సంఖ్య, గడువు, ధర మొదట ఖరారై, కట్టేవారి అభిరుచి చివర ఆలోచనకు వచ్చినప్పుడు జరిగేది అదే. పండుగకు కట్టేది పంపిణీ వస్తువు కాదు, పుట్టింటి పెట్టుబడి లాంటిదన్న సంగతి సంఖ్యల పట్టికలో కనపడదు.

మరుసటి సంవత్సరంనుండి నేత పూర్తిగా రాష్ట్రంలోని మరమగ్గాలకు, ప్రధానంగా సిరిసిల్లకు వచ్చింది. చేనేత సహకార సంస్థ టెస్కో సేకరణ బాధ్యత వహించింది. రంగులు, అంచుల రూపకల్పనలో నిఫ్ట్ డిజైనర్ల సహాయం తీసుకున్నారు. సాదా గుడ్డ నేసిన మగ్గాలకు డాబీ, జకార్డు పరికరాలు చేరాయి. 2022 నాటికి 24 డిజైన్లు, 10 రంగులు కలిపి 240 రకాలని ప్రభుత్వం ప్రకటించింది. ఎక్కువ చీరలు 6.30 మీటర్లవి. వాటితోపాటు ఉత్తర తెలంగాణ జిల్లాల్లో గోచి పెట్టి కట్టే వయసు పైబడిన స్త్రీలకోసం 9 మీటర్ల చీరలు కూడా నేయించారు.

240 రకాలకంటే ఈ 9 మీటర్ల చీరే చరిత్రకారుడు ఆగి చూడవలసినది. రంగుల సంఖ్య పెంచడం రూపకర్త ఒక్కడు చేయగల పని. పొడవు మార్చడం అలా కాదు. నూలు లెక్క మారుతుంది, కూలి మారుతుంది, జిల్లాలవారీ పంపిణీ జాబితా మారుతుంది. ఆదిలాబాద్ పల్లెలో ఒక ముసలమ్మ చీర ఎలా కడుతుందో తెలిసినవారి మాట సేకరణ పట్టిక దాకా చేరితే తప్ప ఆ చీర మగ్గం ఎక్కదు. రూపకర్త చూపు, నిర్ణయకర్త అధికారం ఒక్కచోట కలిసిన సందర్భం ఈ పథకంలో అదే స్పష్టంగా కనిపిస్తుంది.

కాని ఈ సంభాషణలో ఆసామికి చోటు కొంచెమే. నమూనా హైదరాబాద్‌లో ఖరారవుతుంది, సిరిసిల్లకు వచ్చేది ఆర్డరు. డాబీ అంచు నేయడం నేర్చిన చేతికి ఆ అంచును మరొకరికి అమ్ముకునే బజారు ఏర్పడలేదు. కొనేది ప్రభుత్వం ఒక్కటే. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక పథకం ఆగింది. 2024 ఆరంభంలో మగ్గాలు నిలిచిపోయాయి, బకాయిలకోసం ఆందోళనలు జరిగాయి. ఆ తరువాత స్వయంసహాయక సంఘాల మహిళల చీరల ఆర్డరు సిరిసిల్లకు వచ్చింది. ఇవి యూనిఫాం చీరలు. 240 రకాల వైవిధ్యం నేసిన మగ్గాలమీద ఈసారి అందరికీ ఒకే రూపం. రెండుసార్లూ ఆసామికి తెలియవలసినవిగా మిగిలినవి రెండే: మీటరుకు కూలి ఎంత, సరుకు అప్పగించవలసిన తేదీ ఏది.