సరంజామా, రస్తు

జాతి చరిత్ర శాసనములలోనే కాక, నిత్యము వాడు మాటలలోను నిలిచియుండును. వ్రతమునకు గాని, యజ్ఞమునకు గాని కూర్చుకొను వస్తువులు సంభారములు. పెండ్లికో, ప్రయాణమునకో కావలసినవి సరంజామా. అర్థము దాదాపు ఒక్కటే. కాని ఆ మాటలు మన వాడుకలోనికి వచ్చిన త్రోవలు వేరు.

సంభారము సంస్కృత పదము. ఒకచోటికి చేర్చి తెచ్చినదని అర్థము. సరంజామా పారసీకము. ఆ భాషలో దానికి కార్యమును కొనసాగించుట, ఏర్పాటు అని అర్థములు. మహారాష్ట్రుల రాజ్యమున సైన్యపోషణకై సర్దారులకు వదలిన భూముల ఆదాయమును ఈ పేరుతోనే వ్యవహరించిరి. ఆ రాబడితో గుఱ్ఱములను, ఆయుధములను, భటులను వారు సిద్ధపఱుపవలెను. దండుతో పొత్తుగల ఆ మాట తెలుగునాట పెండ్లిపందిటిలో స్థిరపడినది.

దండునకు చేర్చు తిండిగింజలకు రస్తు అని పేరు. ఇదియు పారసీకమందలి రసద్ అను మాట నుండి వచ్చినదే. రస్తు విలువ ఎంతటిదో 1791లో కారన్‌వాలీసు ప్రభువునకు తెలిసివచ్చినది. టిప్పు సుల్తానుపై దండెత్తి శ్రీరంగపట్టణము వఱకు పోయియు, గింజలు చాలక, మేతలేక ఎడ్లు చావగా, ఆయన మే నెలలో ముట్టడికి తెచ్చిన పెద్ద ఫిరంగులను తానే పాడుచేయించి వెనుదిరిగెను. మఱుసటి ఏటి విజయమునకు తోడ్పడినవారిలో, ఎడ్లపై ధాన్యము చేరవేసిన బంజారాలు ముఖ్యులు. వారినే మనము లంబాడీలనియు, సుగాలీలనియు అందుము.

బంజారాలు వర్తకులు, గింజలకు వెల పుచ్చుకొనిరి. సరకు సమకూర్చిన వారందఱికి ఆ భాగ్యము లేదు. నైజాము రాజ్యమున అధికారులు గ్రామములలో విడిది చేసినప్పుడు కట్టెలు, గడ్డి, పాలు, కోళ్లు తెచ్చియిచ్చు భారము గ్రామస్థులపై పడెడిది. మూటలు మోయుట మొదలైన చాకిరి విశేషించి దళితులపై పడెడిది. తగిన వెల గాని, కూలి గాని ముట్టెడిది కాదు. అదియే వెట్టి. 1921లో హైదరాబాదున వెలసిన ఆంధ్రజన సంఘమునకు చెందిన మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు ఈ దురాచారమును రూపుమాపుటకు పాటుపడిరి.

సంభారమైనను, సరంజామా అయినను, రస్తు అయినను, ఎవరో ఒకరు మోసి తెచ్చినదే. నిఘంటువులో ఆ మోసినవారి జాడ కనబడదు. వారికి వెల ముట్టినదా లేదా అని విచారించుట చరిత్ర చదువువారి విధి.