పిలుపుకు మారుపలుకు

2006 వానాకాలంలో విశాఖపట్నంలోని మా ఇంట అంతర్జాలం రోజుకు ఏడెనిమిదిసార్లు తెగిపోయేది. టెలిఫోను తీగ మీదుగా వచ్చే బ్రాడ్‌బ్యాండ్ అది. వానకు వీధిలోని తీగ తడిసిందని నాకు నేనే తీర్మానించుకుని లైన్‌మన్‌ను మూడుసార్లు రప్పించాను. "మా వైపు అంతా బాగానే ఉందండీ" అనేవారాయన. మూడోసారి కాస్త కటువుగానే మాట్లాడాను. ఆ తగవు తీర్చినది పింగ్ అనే చిన్న ప్రోగ్రాము. దాని పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

జాన్ పోస్టెల్ 1981 సెప్టెంబరులో వెలువరించిన ఐసీఎంపీ నియమావళిలోనే దీని బీజం ఉంది. ఒక యంత్రం "ప్రతిధ్వని పంపు" అని చిన్న పొట్లం పంపితే, అవతలి యంత్రం దానిని యథాతథంగా తిప్పి పంపాలి. 1983 జులైలో నార్వేలో జరిగిన ఒక సమావేశంలో డేవిడ్ మిల్స్ అనే శాస్త్రవేత్త, ఈ పొట్లాలు పోయి రావడానికి పట్టే కాలాన్ని కొలిచి దారిలోని జాప్యాన్ని కనిపెట్టవచ్చునని వివరించారు. అక్కడ విన్నవారిలో మైక్ మూస్ ఒకరు. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని సైనిక బాలిస్టిక్ పరిశోధనశాల ఆయన కొలువు.

ఆ డిసెంబరులో ఆ పరిశోధనశాల నెట్‌వర్క్ వింతగా ప్రవర్తించసాగింది. మిల్స్ మాటలు గుర్తుకొచ్చి మూస్ వెంటనే ప్రోగ్రాము రాశారు. రాసినది కంపైల్ అయింది గానీ పనిచేయలేదు. అటువంటి పొట్లాలను నేరుగా పంపే వీలు ఆ యంత్రపు కెర్నెల్‌లోనే లేదు. ఉక్రోషం వచ్చి ఆ వీలును కూడా తానే రాసి, తెల్లవారకముందే అంతా నడిపించారు. తమాషా ఏమిటంటే, ఆయన తొలి పింగ్ పంపేలోగానే సహోద్యోగి ఒకాయన చెడిన పరికరాన్ని వెతికి బాగుచేసేశారట! ఏ రోగం కోసం మందు నూరారో ఆ రోగం అప్పటికే నయమైపోయింది. మందు మాత్రం బర్కిలీ యూనిక్స్ ద్వారా లోకమంతటా పాకింది.

పేరు జలాంతర్గాముల సోనార్ నుండి వచ్చింది. కళాశాల రోజుల్లో మూస్ సోనార్ వ్యవస్థల మీద పనిచేశారు. మా ఊరి బీచిలో 2002 నుండి ప్రదర్శనలో ఉన్న కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్ళినవారికి ఈ పోలిక ఇట్టే తెలుస్తుంది: చీకటి నీటిలోకి ఒక శబ్దం విసిరి, తిరిగి వచ్చేదాకా చెవి ఒగ్గి ఉండటం. ఒక వినియోగదారుడు జవాబు వచ్చినప్పుడల్లా కంప్యూటరు చేత "పింగ్" అని పెద్దగా పలికించి, భవనమంతా తిరుగుతూ తీగలు కదిపి చూసి, వదులైన దానిని పట్టుకున్నాడట. మూస్ 2000 నవంబరు 20న రోడ్డు ప్రమాదంలో, నలభై రెండేళ్ళ వయసులోనే మరణించారు.

నేనూ అదే చేశాను. రెండు కిటికీలు తెరిచి, ఒకదానిలో మా మోడెంకు, మరొకదానిలో బయటి చిరునామాకు ఎడతెగని పింగ్ పెట్టి కూర్చున్నాను. (జవాబు రానంత మాత్రాన అవతలి యంత్రం చచ్చినట్టు కాదు, కొన్ని కావాలనే మౌనం వహిస్తాయి. అందుకే ఎప్పుడూ బదులిచ్చే దానినే ఎంచుకోవాలి.) గంటన్నర దాకా రెండూ బుద్ధిగా పలికాయి. ఇంతలో లోపలి గదిలో ఫోను మోగింది. మోడెం పలుకుతూనే ఉంది. బయటి చిరునామా మూగబోయింది. నిమిషం తర్వాత మళ్ళీ పలికింది. సాయంత్రం ఫోను మోగితే మళ్ళీ అదే వరస.

మా అమ్మ మంచం పక్కన పెట్టుకున్న రెండో ఫోను అది. మాటనూ డేటానూ వేరుచేసే స్ప్లిట్టరుకు ముందే తీగ చీల్చి, ఆ ఫోను కలిపించినది నేనే. అది మోగినప్పుడల్లా ఆ రొద మోడెం వాడే పౌనఃపున్యాలలో పడి సంబంధం తెగిపోయేది. వీధి తీగకు ఏ పాపమూ తెలియదు.

లైన్‌మన్ గారిని నాలుగోసారి పిలిచి, క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన ఏమీ అనలేదు; సంచిలోంచి చిన్న ఫిల్టరు తీసి అమ్మ ఫోనుకు తగిలించి, కాఫీ తాగి వెళ్ళారు.