సత్రము — దాని యరుగు

సత్రశబ్దమునకు అమరసింహుఁడు కప్పు, యజ్ఞము, నిత్యదానము, అడవి యని నాలుగర్థములు చెప్పెను. ముప్పదేండ్లకుఁ బైగా నీ పాఠము చెప్పితిమి గాని, కప్పునకును అడవికిని ఒక్క మాటయే యేల చెల్లెనని మేము విచారింపలేదు. ఉద్యోగము విరమించినపిదప విచారించుచున్నాము.

గుంటూరుజిల్లా మల్కాపురమున 1261వ సంవత్సరపు శిలాశాసనము గలదు. తండ్రియగు గణపతిదేవుని సంకల్పము ననుసరించి రుద్రమదేవి మందడమును, దానితోఁగూడ వెలగపూఁడిని విశ్వేశ్వరశివాచార్యుల కిచ్చెను. ఆయన మఠము, పాఠశాల, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రము నెలకొల్పెను. బ్రాహ్మణుఁడు మొదలుకొని చండాలునివఱకు వచ్చినవారి కెల్ల నన్నము పెట్టవలెనని యందు నియమము. ఆ వెలగపూఁడియందే నేఁడు ఆంధ్రప్రదేశ సచివాలయమున్నది. పనులమీఁద నచటికిఁ బోవు మనవారు ఆ శాసనమునుగూడఁ జూచి రావలెను.

చెన్నపట్టణమున 1782 నాఁటి క్షామమున వెలసిన మణేగారు సత్రము సైతము యాత్రికులకై పుట్టినది కాదు; గంజికై వచ్చిన దిక్కులేనివారికొఱకుఁ బుట్టినది.

కులసత్రములు తరువాతివి. రైళ్లు వచ్చి యాత్రలు పెరుగఁగా, కలిగినవారు తమతమ కులమువారికై సత్రములు కట్టిరి. శ్రీశైలమున నేఁటికిని పలుకులములకు వేఱువేఱు సత్రములున్నవి. మేము దీనిని నిందింపము. అన్యుల పంక్తిని దొరకని చోటు తమవారికైన దొరకెను. కాని లోపల గది కావలెనన్న ఊరు, పేరు, ఇంటిపేరు చెప్పవలెను. అనఁగా ఇల్లున్నవానికే గది. అరుగు అట్టిది కాదు. దానిపైఁ బరుండినవానిని ఎవరును ఏమియు నడుగరైరి.

2011 జనాభాలెక్కలలో ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి ఇల్లులేనివారిని లెక్కించిరి. 17 లక్షల 70 వేలకుఁ బైగాఁ దేలిరి. వారుండు తావులలో కాలిబాటలు, వంతెనల క్రిందిచోట్లు, రైల్వే ప్లాటుఫారములతోపాటు మండపములనుగూడఁ బేర్కొనిరి. నగరములందు లక్షజనమునకు నూఱుగురు పరుండు వసతి యొకటి యుండవలెనని సర్వోన్నతన్యాయస్థానము 2010లో నాదేశించెను. 1261లో నొక మఠాధిపతి తనంతఁ దాఁ జేసిన పనికి నేఁడు న్యాయస్థానపుటాజ్ఞ కావలసివచ్చినది!

ఇఁక మా యూరి సంఘసత్రము మాట. మూఁడేండ్ల క్రిందట వివాహములకు వచ్చు పెద్దలకు అసహ్యముగా నున్నదని దాని యరుగునకు ఇనుపకటకటములు బిగించిరి. ఆ తీర్మానముపై మేమును చేవ్రాలు చేసితిమి. అచటఁ బరుండు ముదుసలి యొకతె, మా బడిముందు రేగుపండ్లమ్మినది, ఇపుడు బస్సుస్టాండున నున్నది. మొన్న మమ్ముఁ జూచి, "అయ్యవారూ, వాన వెలిసేదాఁకైనా తీయిస్తారా?" యని యడిగినది. తాళపుచెవి కార్యదర్శిగారి యొద్ద నున్నది. ఈ మహాసభలోనే ఆ తీర్మానమును రద్దుచేయఁ గోరుచు మేమొక యర్జీ నిచ్చియున్నాము.