సున్నపు బట్టీల ఊరి నుంచి

పిడుగురాళ్ల సున్నపు బట్టీల పొగలో పెరిగినదాన్ని. నర్సు పని గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో నేర్చుకున్నాను. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆడవాళ్ల కోసం తెరిపించిన ఆసుపత్రి అది. అప్పుడు వాళ్లు సముద్రం దాటి మన దగ్గరికి వచ్చారు. మా కాలానికి మనమే వెళ్లడం మొదలైంది.

చెల్లి నర్సుగా కువైట్ వెళ్తానంటే అమ్మ రెండెకరాల మిరపచేను తాకట్టు పెట్టింది. ఏజెంటు డబ్బు తీసుకుని ఏడాది తిప్పి మాయమయ్యాడు. చేను విడిపించేసరికి ఆరేళ్లు పట్టింది. 2015లో కేంద్రం గల్ఫ్ సహా 18 దేశాలకు నర్సుల ఎంపికను ప్రభుత్వ సంస్థలకు అప్పగించిందని విన్నరోజు అమ్మ ఫొటో ముందు కూర్చుని ఏడ్చాను.

ఇప్పటి పిల్లలు జర్మనీ అంటున్నారు. అక్కడ నర్సుగా గుర్తింపుకి బీ2 స్థాయి జర్మన్ భాష రావాలి. సాయంత్రాలు మా అరుగు మీద ఇద్దరమ్మాయిలు ఆ పాఠాలే వల్లె వేస్తుంటారు.