మరచుట్లు, పానాలు, గొలుసు రంపము

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు వీధులన్నియు కూలిన చెట్లతో నిండిపోయెను. గొడ్డళ్లతో రోజుల తరబడి చేయవలసిన పనిని అప్పుడు గొలుసు రంపములు గంటలలో ముగించినవి. ఆ రంపము చేసిన పనిని అందరు చూచిరి. అది మొరాయించినపుడు విప్పి, బాగుచేసి, మరల బిగించుటకు కావలసిన పనిముట్లను గురించి తలచినవారు అరుదు. రంపము పుట్టి నూరేండ్లే. దానిని విప్పు పనిముట్ల కథ అంతకంటె చాల పాతది.

రంపము సంగతి ముందు క్లుప్తముగా చెప్పుకొందము. పండ్లు గల గొలుసును మొదట వాడినది వడ్రంగులు కారు, వైద్యులు. 18వ శతాబ్ది చివర స్కాట్లండులో ఎయిట్కెన్, జెఫ్రీ అను ఇద్దరు వైద్యులు ఎముకలను కోయుటకు చేతితో లాగెడి చిన్న గొలుసును ఉపయోగించిరి. కలపను కోయు యంత్రము జర్మనీలో తయారైనది. ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో నడిచెడి రంపమును చేసెను. మరుసటి యేడు ఎమిల్ లెర్ప్ పెట్రోలు రంపమును తురింగియాలోని డోల్మార్ కొండపై పరీక్షించెను. వీటిని మోయుటకు ఇద్దరు మనుష్యులు కావలెను. ఒక్కడు పట్టుకొని కోయగల తేలిక రంపములు పిమ్మట వచ్చినవి. బరువు తగ్గుటకు ఒక కారణము, ఇంజను పెట్టెను ఇనుముతో గాక మెగ్నీషియము మిశ్రలోహముతో పోతపోయుట. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. తేలికగా ఉండు లోహము మెత్తగాను ఉండును.

ఇక అట్టి రంపమును ఇంటివద్ద విప్పబోవు వానికి మొట్టమొదట ఎదురగునది మరమేకు తల. అనేక రంపములలో అది ఆరు రేకుల పువ్వువలె నుండును. దీనిని టార్క్స్ అందురు. 1967లో అమెరికాలో రూపొందినది. పూర్వపు మరమేకు తలపై ఒకే గాడి యుండెడిది, స్క్రూడ్రైవరు దానినుండి జారి చేతిని చీల్చుచుండెడిది. కెనడాలో రాబర్ట్‌సన్ అను నాతడు అట్లు చేయి తెగిన తరువాతనే 1908లో చదరపు గుంట గల తలను కల్పించెనట. 1930వ దశకములో ఫిలిప్స్ ప్లస్ గుర్తువంటి గాడిని ప్రచారమునకు తెచ్చెను. దాని గోడలు వాలుగా నుండుటచే, గట్టిగా త్రిప్పినపుడు పనిముట్టు పైకి లేచిపోవును. టార్క్స్ గోడలు నిలువుగా నున్నవి గనుక బలమంతయు త్రిప్పుటకే వినియోగమగును. దానిలో ఆరు మూలల అలెన్ తాళమును దూర్చి త్రిప్పువారు లేకపోలేదు. అది కొనలయందు మాత్రమే ఆనును. కొద్దిసేపటికి రేకులు అరిగి గుంట గుండ్రమగును. తరువాత ఆ మేకు ఊడి రాదు.

తల సరిపడినంత మాత్రమున చాలదు, మరచుట్టు కూడ సరిపడవలెను. రెండు చుట్ల నడిమి దూరమును మరభ్రమణాంతరమని విద్యార్థులు స్క్రూగేజి పాఠములో చదివియే యుందురు. రెండు శతాబ్దుల క్రిందట ఈ దూరము కార్ఖానాకొక విధముగా నుండెడిది. ఒకచోటి బోల్టుకు మరియొకచోటి నట్టు పట్టెడిది కాదు. 1800 ప్రాంతమున లండనులో హెన్రీ మాడ్స్‌లే, ఒకే కొలతగా మరలను కోయగల లేతును నిర్మించెను. అతని వద్ద పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ అనేక కార్ఖానాలనుండి బోల్టులను సేకరించి, వాటి సగటును తీసి, 1841లో ఒక ప్రమాణమును ప్రతిపాదించెను. మరచుట్టు కోణము 55 డిగ్రీలు. సగటును తీయుట నాకు ఎంతో తెలివైన పనిగా తోచుచున్నది; ఏ ఒక్కరి పద్ధతిని గెలిపింపకుండ అందరిని ఒప్పించినాడు.

అమెరికా మాత్రము వేరుదారి పట్టెను. 1864లో విలియం సెల్లర్స్, కోయుటకు సులువని 60 డిగ్రీల కోణమును సూచించెను. దీని ఫలితముగా అరంగుళము బోల్టుపై అంగుళమునకు ఇంగ్లండులో 12 చుట్లు, అమెరికాలో 13 చుట్లు! ఒక దేశములోనే కొలతలు కలియకున్న ఏమగునో 1904 ఫిబ్రవరిలో బాల్టిమోరు నగరము చూచెను. అక్కడ మంటలు చెలరేగగా వాషింగ్టన్ మొదలగు నగరములనుండి అగ్నిమాపక దళములు పరుగున వచ్చినవి. నీరున్నది, గొట్టములున్నవి, మనుష్యులున్నారు. కాని పెక్కు గొట్టముల మరచుట్లు బాల్టిమోరు కుళాయిలకు పట్టలేదు. 1,500కు పైగా భవనములు కాలిపోయెను. రెండవ ప్రపంచయుద్ధములో మిత్రరాజ్యముల యంత్రభాగములకు సైతము ఈ చిక్కే వచ్చెను. తుదకు 1948లో బ్రిటను, అమెరికా, కెనడా మూడును 60 డిగ్రీల ఉమ్మడి ప్రమాణమునకు ఒప్పుకొనెను. మెట్రిక్ మరల కోణము కూడ 60 డిగ్రీలే.

మరల రంపము వద్దకు వత్తము. గొలుసును త్రిప్పెడి క్లచ్చి అనేక రంపములలో ఎడమచుట్టు మరపై బిగించబడియుండును. సైకిలు ఎడమ పెడలుకు కూడ ఇట్టి మరయే కలదు. క్లచ్చి వైపునుండి చూచిన ఇరుసు గడియారపు ముల్లువలె తిరుగును. సామాన్యపు మరయైనచో గొలుసు పట్టినపుడెల్ల క్లచ్చి వదులగును. ఇది తెలియనివాడు విప్పుచున్నాననుకొని బిగించుచుండును. త్రిప్పునపుడు ఇరుసు తిరుగకుండుటకై స్పార్క్‌ప్లగ్గు రంధ్రములో స్క్రూడ్రైవరును దూర్చుట మరియొక పొరపాటు. పిస్టను అల్యూమినియముది, రంధ్రము పడును. ప్లాస్టికు ఆపుడుముక్క గాని, శుభ్రమైన త్రాటిముక్క గాని చాలును. అయితే పిస్టను పొగద్వారమును మూసినపిదపనే త్రాటిని దించవలెను, లేనిచో అది ద్వారములో చిక్కుకొనును. ఫ్లైవీలును సుత్తితో కొట్టుటకంటె మరతో లాగు పుల్లరు మేలు. సుత్తి దెబ్బకు రెక్కలు విరుగును, ఇరుసు వంగును.

బిగించుటలో అసలు పరీక్ష యున్నది. 25 సెంటీమీటర్ల పిడి చివర 100 న్యూటన్ల బలము పెట్టినచో బలభ్రామకము 25 న్యూటన్-మీటర్లు. సామాన్యముగా స్పార్క్‌ప్లగ్గుకు ఇది ఇంచుమించు సరిపోవును. మెగ్నీషియములో దిగిన 5 మిల్లీమీటర్ల మరమేకుకు ఇందులో మూడవ వంతు చాలును. ఎక్కువైనచో ఉక్కు మేకు చెడదు, మెత్తని పెట్టెలోని మరచుట్లే ఊడివచ్చును. పొడుగు పానాతో ఈ తేడా చేతికి తెలియదు గనుకనే టార్క్ పానా అవసరము.

ఇంత జరిగినను కొలతల కలహము పూర్తిగా సమసిపోలేదు. నేటి రంపములో మరమేకులు మిల్లీమీటర్లలో నున్నవి, గొలుసు కొలత మాత్రము అంగుళములలోనే యున్నది. 0.325 అంగుళము గొలుసును పదును పెట్టుటకు సాధారణముగా 4.8 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి, 3/8 అంగుళము గొలుసుకు 5.2 మిల్లీమీటర్లది. దుకాణమునకు పోవువాడు రెండు కొలతలను కాగితముపై వ్రాసికొని పోవుచున్నాడు.