భద్రతా మండలి ముందు హైదరాబాదు

వీపనగండ్ల నాడు హైదరాబాదు సంస్థానంలో, మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన గ్రామం. 1948 సెప్టెంబరులో అటువంటి గ్రామాల భవితవ్యం సుదూరమైన పారిస్ నగరంలో చర్చకు వచ్చింది.

బ్రిటిషు అధికారం 1947 ఆగస్టు 15తో అంతరించినందున తాము స్వతంత్రులమని నిజాం ప్రభుత్వ వాదం. 1948 ఆగస్టు 21న అది ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. హైదరాబాదు పక్షాన మొయిన్ నవాజ్ జంగ్ వాదించారు. హైదరాబాదుకు రాజ్య హోదాయే లేదని భారత ప్రతినిధి రామస్వామి ముదలియార్ ప్రతివాదం.

సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 16న మండలి విషయాన్ని చేపట్టింది. 17న నిజాం లొంగిపోయి, 22న ఫిర్యాదును ఉపసంహరించుకొన్నట్లు తెలియజేశారు. రాజ్య హోదా ప్రశ్నపై మండలి తీర్పు చెప్పనేలేదు.

పాలకుల పట్టుదలకు మూల్యం చెల్లించినది ప్రజలే. ముందు రజాకార్ల దౌర్జన్యాలకు ఎందరో బలయ్యారు. పిదప సైనిక చర్య కాలంలోను, అనంతరమును 27 వేల నుండి 40 వేల మంది మరణించారని సుందర్‌లాల్ సంఘం అంచనా వేసింది. వారిలో అత్యధికులు ముస్లిములు.

1789 ఫ్రెంచి విప్లవం నుండి ఐరోపాలో బలపడిన భావమొకటి కలదు: అధికారానికి మూలం ప్రజాభీష్టమే. అదే పారిస్‌లో 1948 డిసెంబరు 10న ఆమోదం పొందిన విశ్వ మానవ హక్కుల ప్రకటన దానిని ధ్రువపరచింది. కాని ఆ సెప్టెంబరు వాదోపవాదాలలో సంస్థాన ప్రజల అభీష్టాన్ని అడిగినవారు లేరు. వయోజన ఓటు హక్కుతో వారు తొలిసారి తమ అభిప్రాయం చెప్పినది 1952 ఎన్నికలలోనే.

ఇస్లాం బోధించిన షూరా, అనగా సంప్రదింపు, పాలకునికి ఐచ్ఛికం కాదు. దానిని విస్మరించిన రాజ్యాన్ని ఏ మండలీ కాపాడజాలదు.